రంగు కోసం పాతిక డిగ్రీలు

జూన్ 4

తమ్ముడూ,

నువ్వూ, మరదలూ, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. పోయిన ఆదివారం ఫోనులో నువ్వు అరగంట మాట్లాడావట. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను గానీ వినపడింది నాలుగు ముక్కలు. చివరికి మీ బావ ఫోను లాక్కుని, ‘మీ అక్క తలాడించడమే గానీ ఒక్క మాటా చెవిన పడలేదు’ అని నీకు చెప్పారు. ముప్పై ఏళ్లు మిషన్ల పక్కన నిలబడ్డందుకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమది కూడా దాని వెంట బయల్దేరింది. ఫోను మీద వేళ్లతో అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు. కాబట్టి ఇకమీదట ఉత్తరాలే. కాగితమైతే అర్థంకానిది రెండోసారి చదువుకోవచ్చు.

మా ఫ్యాక్టరీలో బిస్కెట్లు మానేసి మొక్కల మాంసం మొదలుపెట్టి రెండేళ్లు కావస్తోంది. బఠానీ పిండి, సోయా పిండి తడిపి ఒక పెద్ద మిషన్లో పోస్తే, వేడికీ ఒత్తిడికీ నలిగి అవతలి వైపు పీచుపీచుగా, అచ్చం మాంసంలాగే బయటికొస్తుంది. దాన్ని ముక్కలు కోసి, పైన తియ్యటి పూత పూసి, నూనెలో వేయించి, ఆఖరున ఓవెన్‌లోకి పంపుతాం. ఆ వేపుడూ ఓవెనూ నా చేతికింద ఉన్నాయి.

ఈ మధ్య కొనేవాళ్లు ముక్క పాలిపోయిందని, రోగిష్టి మొహంలా ఉందని అన్నారట. మేనేజరు వచ్చి, రంగు కావాలి, ఎలా తెస్తావో నీ ఇష్టం అన్నాడు. నూట ఎనభైలో ఉండే ఓవెన్‌ని ఐదైదు చొప్పున పెంచుకుంటూ రెండు వందల ఐదుకి తెచ్చాను. పూతలో గ్లూకోజు పాకం ఇంకాస్త కలిపాను. ఇప్పుడు ముక్క ఎంత ముచ్చటగా ఉందో చూడాలి. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని ‘అక్క రంగు’ అంటున్నారు. నీలాగా చదువుకోకపోయినా నా పేరు మీదా ఒకటి ఉందన్నమాట.

ట్రే అంచున ఉన్నవి మాత్రం బాగా ముదురుతాయి. వాటిని ప్యాకెట్లలో వెయ్యం, పనివాళ్లమే ఇళ్లకి తెచ్చుకుంటాం. గుండెనొప్పి వచ్చాక డాక్టరు మాంసం మానేయమన్నప్పటి నుంచి మీ బావ ముద్ద దిగక ఎంత గింజుకున్నారో నీకు తెలుసు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం సోఫాలకి బట్ట వేసే పని ఆపి, ఆ కుర్చీల ఎముకల మధ్యే కూర్చుని ఓ గిన్నెడు అంచు ముక్కలు కరకరా నమిలేస్తున్నారు.

మామూలువి కొన్ని, అంచువి కొన్ని డబ్బాలో పెట్టి పంపిస్తున్నాను. తిని ఎలా ఉన్నాయో రాయి.

అక్క

*

జూన్ 14

అక్కకి,

డబ్బా అందింది. మూత తీయగానే ఇల్లంతా వాసన. పిల్ల నాలుగు తింది, నేను రెండు తిన్నాను. నిజంగా బాగున్నాయి. ఇక్కడితో ఆపి ఉత్తరం మడిచి ఉంటే నువ్వు సంతోషించేదానివి. కానీ ఇంకో సంగతి రాయక తప్పదు.

మా ల్యాబుకి పోయిన నెల కొత్త మిషను వచ్చింది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఏదైనా వేయించిన తిండి కావాలన్నారు. నీ డబ్బాలోంచి కొన్ని ముక్కలు పట్టుకెళ్లాను. అది ఎక్రిలమైడ్ అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష. దాన్ని ఎవరూ బయటినుంచి కలపరు. పిండిలో సహజంగా ఉండే ఒక పదార్థమూ చక్కెరా బాగా ఎక్కువ వేడికి, తడి ఆరిపోయిన చోట కలిస్తే దానంతట అదే పుడుతుంది. రొట్టె మాడినా పుడుతుంది, బంగాళాదుంప వేగినా పుడుతుంది. నీ మామూలు ముక్కల్లో కొంచెం ఉంది. అంచు ముక్కల్లో దానికి ఆరింతలు ఉంది. నమ్మలేక మూడుసార్లు చేశాను.

పెద్ద మోతాదుల్లో పెట్టినప్పుడు ఎలుకలకి కేన్సర్ వచ్చింది. మనుషుల సంగతి ఇంకా తేలలేదు. అందుకని వీలైనంత తగ్గించుకోమంటారు. మీ తిండి కొత్తది కాబట్టి దీనికి ఇంత మించకూడదు అని మన దగ్గర ఎవరూ గీత కూడా గీయలేదు. గీత లేదంటే ప్రమాదం లేదని కాదు.

ఓవెన్‌ని మళ్లీ నూట ఎనభైకి దించు. పాకం తగ్గించు. బావని అంచు ముక్కలు మానేయమను. కంగారు పడేంత విషయం కాదు, జాగ్రత్త పడాల్సిన విషయం.

తమ్ముడు

*

జూన్ 25

తమ్ముడూ,

తినమని పంపిస్తే మిషన్లో పెట్టావా? నేను చిన్నప్పుడు నీకు కలిపి పెట్టిన ముద్దలు ఏ మిషన్లో పెట్టకుండానే మింగావు. సరే, నీ ఉద్యోగం అది. కోపం రెండు రోజులు ఉంచుకుని వదిలేశాను.

నీ ఉత్తరం పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను. వేడి తగ్గిస్తానన్నాను. అతను కాగితం వైపు చూడను కూడా చూడలేదు. ప్యాకెట్ మీద రాయాల్సినవన్నీ రాశాం, మనం కలిపినదాంట్లో విషం లేదు, నువ్వు నీ పని చూసుకో అన్నాడు. కలపలేదు సార్, అది అక్కడే పుడుతోందట అన్నాను. నా చెవుల సంగతి తెలిసి, కావాలనే గోడవైపు తిరిగి ఏదో అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

నీకు రాయని సంగతి ఒకటుంది. రెండు నెలలుగా మీ బావకి నడుము దగ్గర నొప్పి. కూర్చుని చేసే పని కదా అనుకున్నాం. బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడుచుకుంటే కూడా సన్నబడ్డారని మురిసిపోయాను. పోయిన సోమవారం కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు స్కానింగు రాశారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నీ ఉత్తరం ఉంది. అందులో మొట్టమొదట నా కంటబడిన మాట కేన్సర్.

దాచకుండా రాయి. నేను పెట్టిందేనా?

ఇక్కడ ఎవరూ నా మాట వినేలా లేరు. నీకు అక్కడ పెద్దవాళ్లు తెలుసు కదా, నువ్వే ఏదో ఒకటి చూడు.

అక్క

*

జూలై 3

అక్కకి,

స్కానింగు చూడకుండా ఎవరూ ఏమీ అనకూడదు. కళ్లు పచ్చబడటం మామూలు కామెర్లు కూడా కావచ్చు.

దాచకుండా రాయమన్నావు. నువ్వు పెట్టిందేనా అంటే, చెప్పలేం. ఒక మనిషికి వచ్చిన జబ్బు ఫలానా ముక్క వల్లే వచ్చిందని కానీ, రాలేదని కానీ ఏ ల్యాబూ చెప్పలేదు. వంద కారణాలు ఉంటాయి. బావ ఇరవై ఏళ్లు సిగరెట్లు కాల్చాడు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. నేను అబద్ధం చెప్పి నిన్ను ఊరడించలేను. నీకు అది నచ్చదు కూడా.

నువ్వు చెప్పిన పని చేశాను. ఆహార తనిఖీ ఆఫీసులో నాతో చదువుకున్నాయన ఉన్నాడు. మీ ఫ్యాక్టరీ సంగతి, నేను చేసిన పరీక్ష సంగతి రాసి ఇచ్చాను. నీ పేరు ఎక్కడా రాయలేదు. త్వరలో వచ్చి ముక్కలు తీసుకెళతారు. మేనేజరు ఇక గోడవైపు తిరగలేడు.

స్కానింగులో ఏం వచ్చిందో వెంటనే రాయి.

తమ్ముడు

*

జూలై 19

తమ్ముడూ,

నేను చూడమన్నది డాక్టర్ని.

నీ ఉత్తరం వస్తుంది, అందులో అక్కడి పెద్దాస్పత్రిలో ఫలానా డాక్టరు దగ్గరికి ఫలానా రోజున రమ్మని ఉంటుంది అని ఎదురుచూశాను. బట్టలు కూడా సర్ది పెట్టాను. వచ్చిన ఉత్తరం రెండోసారి కూడా చదివాను. మీ బావ గురించి ఉన్నదల్లా సిగరెట్ల లెక్క. ఆయన నా చేతిలోంచి తీసుకుని చదివారు. మడిచి నాకిచ్చి, లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు.

స్కానింగులో క్లోమంలో గడ్డ ఉందని తేలింది. కాలేయానికి కూడా పాకిందట.

పదకొండో తారీఖున మీవాళ్లు వచ్చారు. నలుగురు మనుషులు, తెల్ల కోట్లు, మంచుపెట్టెలు. ట్రేల్లోంచి ముక్కలు తీసుకున్నారు, నూనె సీసాల్లో పట్టుకున్నారు. తేలేదాకా మా వేపుడు మిషన్ల వరస నడపొద్దని చెప్పి ఓవెన్ తలుపుకి సీలు వేశారు. అరవై మందిమి ఉన్నాం ఆ వరసలో. అందరినీ ఇంటికి పంపేశారు. బయట సైకిళ్ల దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, పాకం కలిపే ఆవిడ నా దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. వినపడలేదు. మళ్లీ అడిగింది. ఆమె పెదాలు చూస్తే తెలిసింది. మీ తమ్ముడేనా అని అడుగుతోంది.

నువ్వు నా పేరు రాయలేదు. కానీ ల్యాబులో తమ్ముడున్నది ఈ ఫ్యాక్టరీలో నాకొక్కదానికే.

మర్నాడు మేనేజరు పిలిపించి ఒక కాగితం ముందు పెట్టాడు. ఓవెన్ వేడి పెంచడం, పాకం పెంచడం నా అంతట నేనే చేశానని, నాకు ఎవరూ చెప్పలేదని అందులో ఉంది. బలవంతం ఏమీ చేయలేదు. సంతకం పెడితే మిగతావాళ్లని త్వరగా పనిలోకి రానిస్తారన్నాడు. పెట్టేశాను.

వాళ్ల కోసం పెట్టాననుకోకు. ఆ మాటలు చదువుతుంటే ప్రతి అక్షరం నిజమే అనిపించింది. ఆ పాతిక డిగ్రీలు పెంచిన చెయ్యి నాది. ఆ గిన్నె ఆయన ముందు పెట్టిన చెయ్యీ ఇదే. నువ్వు చెప్పలేం అన్నావు. అవును అని రాయడానికి నీకు చెయ్యి రాలేదని నాకు తెలియదా?

అక్క

*

జూలై 27

అక్కా,

‘ఏదో ఒకటి చూడు’ అన్న మాట కింద పేజీలో ఉంది, పై పేజీలో మేనేజరు ఉన్నాడు. నేను కాగితాన్ని కాగితంలా చదివాను, అక్క మాటలా చదవలేదు. మూడు వారాలు పోగొట్టాను.

ఆగస్టు 5న ఇక్కడి పెద్దాస్పత్రిలో డాక్టరుతో మాట్లాడి పెట్టాను. బావని తీసుకుని బయల్దేరు. బస్సు కుదరకపోతే నేనే వ్యాను మాట్లాడుకుని వస్తాను.

చెప్పలేం అంటే అవును అని కాదక్కా. చెప్పలేం అంటే చెప్పలేం. మా పనిలో ఆ మాటకి ఇంకో అర్థం లేదు.

ఆ సంతకం ఎందుకు పెట్టావు? రంగు కావాలని నీ దగ్గరికి వచ్చింది అతను. తగ్గిస్తానని నువ్వు వెళితే వద్దన్నది అతను. నీ జూన్ ఉత్తరాలు రెండూ నా దగ్గరున్నాయి, నువ్వు ఊఁ అంటే తనిఖీవాళ్లకి ఇస్తాను. బావకి చెప్పు, సిగరెట్ల మాట నేను అలా రాయకుండా ఉండాల్సింది.

తమ్ముడు

*

ఆగస్టు 16

తమ్ముడూ,

నువ్వు రెండుసార్లు మనిషిని పంపి కనుక్కున్నావని తెలిసింది. జవాబు రాయడానికి కూర్చునే వీలు లేకపోయింది. ఐదో తారీఖుకి ఆయన ప్రయాణం చేసే స్థితిలో లేరు. ఇక్కడి డాక్టరే ఆ పెద్దాస్పత్రి డాక్టరుతో మాట్లాడారట. కోసి తీసే దశ దాటిందని ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఒక నెల ముందు వచ్చుంటే అని అడిగాను. ఇలాంటి గడ్డ మొదలై ఎన్నో ఏళ్లు అయ్యుంటుంది, నెలలో తేడా ఏమీ ఉండేది కాదు అని కాగితం మీద రాసి చూపించారు. ఇది నీకు రాయాల్సిన మాట, అందుకే ముందు రాస్తున్నాను. ఆ మూడు వారాల బరువు నువ్వు మోయక్కర్లేదు.

ఎన్నో ఏళ్లు అంటే మా ఫ్యాక్టరీ మొక్కల మాంసం మొదలుపెట్టకముందా అని కూడా అడిగాను. అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేను అన్నారు. మీరందరూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు.

నా ఉద్యోగం పోయింది. సంతకం ఉంది కదా, ఇక వాళ్లకి అడ్డేముంది. మిగతావాళ్లని వచ్చే నెల నుంచి రమ్మన్నారు.

సంతకం సంగతి ఆయనకి చెప్పకుండా ఆ కాగితం నకలు బీరువాలో చీరల కింద పెట్టాను. దుప్పటి కోసం వెతుక్కుంటూ ఆయనే తీశారు. మొన్న సాయంత్రం నేను మందులు తెచ్చేసరికి, ముందు గదిలో సగం బట్ట వేసిన సోఫా పక్కన కూర్చుని ఉన్నారు. గొంతు పెంచి మాట్లాడే శక్తి లేదు, మెల్లగా మాట్లాడితే నాకు వినపడదు. అందుకని బట్ట మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్కతో ఆ నల్లటి రెక్సిన్ మీదే రాశారు.

‘నా చావుకి నీ సంతకం ఎందుకు?’

నేను చేత్తో తుడిచేశాను. మళ్లీ రాయబోతే చెయ్యి పట్టుకున్నాను. నేను పెట్టకపోతే మీరు తినేవారు కాదు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, నా చెవి దగ్గరికి వంగి ఏదో చాలాసేపు చెప్పారు. ఊపిరి తగిలింది గానీ మాట అందలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు. అంతసేపు చెప్పి అలిసిపోయారు.

ఆయనేం చెప్పారో నాకు తెలియదు తమ్ముడూ.

అక్క

*

ఆగస్టు 24

అక్కా,

కాదు.

నువ్వు పెట్టింది కాదు. కూర్చుని లెక్కలు వేశాను. బావ రోజుకెన్ని తిన్నాడో, ఒక్కో ముక్కలో ఎంత ఉందో, ఎన్ని నెలలు తిన్నాడో, అంతా వేశాను. ఆ మోతాదుకి ఆ చోట అంత గడ్డ పుట్టే అవకాశమే లేదు. నూటికి నూరు పాళ్లు కాదు. ఇది ఒక కెమిస్టు తెలిసి రాస్తున్న మాట. ఈ కాగితం నీ దగ్గర ఉంచుకో, మళ్లీ సందేహం వచ్చినప్పుడల్లా తీసి చదువుకో.

శుక్రవారం సెలవు పెట్టి వస్తున్నాను. నీ మరదలు, పిల్ల కూడా వస్తారు.

తమ్ముడు

*

నవంబరు 9

తమ్ముడూ,

మీ బావ పోయి రెండు నెలలు నిండాయి. నువ్వు వచ్చి ఉన్న తొమ్మిది రోజులూ మనిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నువ్వు మందులు ఇచ్చావు, ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టావు, ఆఖరి రోజు ఆయన గడ్డం కూడా నువ్వే గీశావు. అవన్నీ చూశాను. ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను.

సోఫావాళ్లు వచ్చి అడిగితే మిగిలిన పని నేనే పూర్తి చేసి ఇచ్చాను. కుట్టు కాస్త వంకర వచ్చింది. వాళ్లు అలాగే తీసుకెళ్లారు.

నిన్న నా ఇంటికి ఒకావిడ వచ్చింది. నా చోట ఓవెన్ దగ్గర పెట్టింది ఆమెనే. ఇద్దరు పిల్లల తల్లి, ఇదివరకు ప్యాకింగులో ఉండేది. వరస మళ్లీ మొదలైనప్పుడు వేడి నూట ఎనభై దాటకూడదని తనిఖీవాళ్లు గోడకి కాగితం అంటించారట. నెలన్నర బాగానే నడిచింది. పోయిన వారం మేనేజరు వచ్చి, కొనేవాళ్లు మళ్లీ పాలిపోయింది అంటున్నారు, రంగు కావాలి, ఎలా తెస్తావో నీ ఇష్టం అన్నాడట. అక్షరం మారలేదు. ఐదు పెంచింది. మళ్లీ వచ్చి ఇంకాస్త అన్నాడు. ఇంకో ఐదు పెంచింది. ఇప్పుడు నూట తొంభైలో ఉంది. గోడ మీద కాగితం అలాగే ఉంది. అంచు ముక్కలు ఇంటికి తెస్తోంది, పిల్లలు ఇష్టంగా తింటున్నారట. ఎందుకొచ్చావు అని అడిగితే నా అరచేతిలో వేలితో రాసింది. భయంగా ఉంది అని.

ఆమె వెళ్లాక ఉత్తరాలన్నీ తీసి పక్కపక్కన పెట్టి చదివాను. జూలైలో నువ్వు చెప్పలేం అన్నావు. ఆ మాటకి నేను నిన్ను చాలా రోజులు క్షమించలేదు. ఆగస్టులో కాదు అన్నావు. నూటికి నూరు అని రాసిన చోటే తెలిసిపోయింది, అది రాసింది కెమిస్టు కాదని, తమ్ముడని. ఆ కాగితం దాచుకున్నాను. అది చదివిన రోజే కాస్త నిద్రపట్టింది, కాబట్టి అబద్ధమైనా నాకు పనికొచ్చింది. కానీ నిజం మొదటిదే. ఆయన సంగతి ఇక ఎప్పటికీ తేలదు. తేలకుండానే నేను బతకాలి. దానికి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నాను.

ఆ పిల్లల సంగతి వేరు. వాళ్ల విషయంలో తేలేదాకా ఆగక్కర్లేదు, వేడి తగ్గిస్తే చాలు.

అందుకని గురువారం తనిఖీ ఆఫీసుకి నేనే వెళుతున్నాను. సంతకం నాదే గానీ నాకు ఎవరూ చెప్పలేదన్న మాట అబద్ధమని చెబుతాను. నా జూన్ ఉత్తరాలు రెండూ వెంటనే పంపించు. ఓవెన్ దగ్గరి ఆవిడ తెచ్చిన ముక్కలు మూడు పొట్లాలుగా కట్టి నీకు పంపుతున్నాను. దేని మీద దాని వేడి రాసి ఉంది. పరీక్ష చేసి ల్యాబు కాగితం మీద రాసి ఇవ్వు. నేను పెంచిన పాతిక డిగ్రీల నాటి లెక్క కూడా అందులో వెయ్యి. నా చెయ్యి ఉన్న చోట నా చెయ్యి ఉందనే రాయి. నన్ను తప్పించాలని చూస్తే వాళ్లు మొత్తం కాగితాన్నే పక్కన పడేస్తారు.

ఈసారి తమ్ముడిలా రాయొద్దు. మిషను ఏం చెబితే అది రాయి.

అక్క